పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది



ప్రసంగం ఎలా తయారవుతుందని సంఘంలో చాలామంది అడుగుతుంటారు. మోకాళ్ళ మీద దొరుకుతుందని కొందరంటారు. పుస్తకాలు తిరగేస్తే దొరుకుతుందని కొందరంటారు. ప్రార్థన కావాలి, చదువూ కావాలి. అయితే ఈ రెంటినీ నిలబెట్టే పని ఇంకొకటి ఉంది. ఎంచుకున్న వాక్యభాగాన్ని మొదటినుండి చివరిదాకా, ముందూ వెనుకా విడిచిపెట్టకుండా చదవడం. చెప్పవలసిన మాట ముందే నిర్ణయించుకొని, దానికి సరిపోయే వచనం ఒకటి వెదికి అతికిస్తే అది మన మాటే అవుతుంది. వాక్యభాగం మొత్తం చదివి, అది ఏం చెబుతుందో తెలుసుకొని, ఆ తరువాత నోరు తెరిస్తేనే అది ప్రసంగం. మేము గట్టిగా నమ్మేది ఇది. ఎందుకు నమ్ముతున్నామో మీ అందరికీ తెలిసిన ఒక వచనంతోనే చెబుతాము.

యిర్మీయా 29:11. మన ఇళ్ళలో ఈ వచనం లేని గోడ అరుదు. క్యాలెండరు మీద, పెండ్లి శుభలేఖ మీద, ఆటో అద్దం మీద కనబడుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకునేటప్పుడు ఇది వచ్చినవారి ముఖం వెలిగిపోతుంది. దేవుడు మన విషయమై సమాధానకరమైన ఉద్దేశాలు కలిగి ఉన్నాడనీ, మనకు నిరీక్షణ ఉందనీ అది చెబుతుంది. అది సత్యమే. మరి ఈ వచనం మీద ప్రసంగించాలంటే వారమంతా ఏం చేయాలి?

ముందు చదవాలి. వారం మొదట్లో 29వ అధ్యాయం ఒక్కటే కాదు, 27 నుండి 29 వరకు మూడు అధ్యాయాలు ఒకే కూర్చున్న చోట చదవాలి. పైకి చదివితే ఇంకా మంచిది. అధ్యాయాలు, వచనాల అంకెలు యిర్మీయా వేసినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు పెట్టినవి. వెదుక్కోవడానికి అవి ఎంతో మేలు. కానీ పొలానికి గట్టు వేసినంత మాత్రాన నేల వేరైపోదు. బబులోనులో ఉన్నవారు 11వ వచనం అందుకోలేదు, ఒక ఉత్తరం అందుకున్నారు. ఎవరైనా మనకు ఉత్తరం రాస్తే మధ్యలో ఒక్క పంక్తి చదివి మడిచి పెట్టుకుంటామా?

రెండోది, ప్రశ్నలు అడగాలి. ఎవరు రాశారు? ఎవరికి? ఎప్పుడు? ఎందుకు? జవాబులు ఆ భాగంలోనే ఉన్నాయి. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి, యెకొన్యా రాజును, అతని తల్లిని, అధిపతులను, పనితనం తెలిసిన కంసాలులను, కమ్మరులను చెరపట్టి తీసుకొనిపోయాడు. రెండవ రాజుల గ్రంథం 24వ అధ్యాయం పదివేలమందిని తీసుకుపోయాడని చెబుతుంది. వాళ్ళకు యెరూషలేములో మిగిలిన యిర్మీయా ఉత్తరం రాశాడు. సిద్కియా రాజు బబులోనుకు పంపిన ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరు దాన్ని తీసుకొని వెళ్ళారు.

ఎందుకు రాయవలసి వచ్చిందో ముందున్న 28వ అధ్యాయం చూపిస్తుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల యెదుట, ప్రజలందరి యెదుట నిలబడి, రెండేళ్ళలో దేవుడు బబులోను కాడి విరిచేస్తాడనీ, చెరలోనివారు తిరిగి వస్తారనీ ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద ఉన్న కొయ్య కాడి తీసి విరగ్గొట్టాడు కూడా. చూసేవారికి ఎంత బలమైన వర్తమానం! బబులోనులో ఉన్న ప్రవక్తలు కూడా ప్రజలను అబద్ధపు మాటలతో నమ్మిస్తున్నారు. ఆ మాటలు నమ్మి మూటలు కట్టుకొని కూర్చున్నవాళ్ళకు ఈ ఉత్తరం వెళ్ళింది.

ఇప్పుడు ఉత్తరం చదవండి. 5, 6 వచనాలలో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలం తినండి, పెండ్లిండ్లు చేసుకోండి, పిల్లలను కనండి అని ఉంది. 7వ వచనంలో మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి అని ఉంది. 8, 9 వచనాలలో మిమ్మల్ని మోసపుచ్చే ప్రవక్తల మాట వినకండి అని ఉంది. 10వ వచనంలో డెబ్బది సంవత్సరాలు అని ఉంది. ఆ డెబ్బది తరువాతే 11వ వచనం వస్తుంది.

లెక్క వేసి చూడండి. ఉత్తరం విన్నరోజున ముప్పై ఏళ్ళున్న మనిషికి డెబ్బది ఏళ్ళు గడిచేసరికి నూరేళ్ళు. అంటే ఆ మాట విన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది బబులోనులోనే కన్నుమూశారు. వాళ్ళు నాటిన చెట్ల నీడన వాళ్ళ మనుమలు కూర్చున్నారు. మన పల్లెల్లో తాటి టెంక పాతినవాడు ముంజలు తినాలంటే పన్నెండు, పదిహేనేళ్ళు ఆగాలి. అయినా పాతుతారు, పిల్లలు తింటారని. 11వ వచనం అలాంటి నిరీక్షణ గురించి చెబుతుంది. ఈ సంవత్సరం ముగిసేలోగా మనం అడిగినది చేతికొస్తుందని అది చెప్పలేదు.

మూడోది, మాటలు గమనించాలి. ఈ విషయంలో తెలుగు బైబిలు చదివేవారికి ఒక మేలు ఉంది. మన మామూలు మాటల్లో పెద్దవారిని ఒక్కరినైనా మీరు అంటాము. మన బైబిలులో దేవుడు ఒక్కరితో మాట్లాడితే నీవు అంటాడు, పలువురితో మాట్లాడితే మీరు అంటాడు. 11వ వచనంలో ఉన్నది మిమ్మును, మీకు. ఇది ఒకరి ఉద్యోగానికి, ఒకరి వీసాకు ఇచ్చిన మాట కంటే పెద్దది. ఒక జనాంగానికి ఇచ్చిన మాట. ఇంకొకటి. 7వ వచనంలో క్షేమమనీ, 11వ వచనంలో సమాధానమనీ మనం చదివే చోట హెబ్రీలో ఉన్నది ఒకే మాట, షాలోమ్. బబులోనుకు షాలోమ్ కోరండని 7వ వచనం చెబుతుంది, మీకు షాలోమ్ ఉద్దేశించానని 11వ వచనం చెబుతుంది. మొదటిది వదిలి రెండోది మాత్రం క్యాలెండరుకు ఎక్కించాము. బజారులో సమాధానం అంటే జవాబు, సంఘంలో సమాధానం అంటే శాంతి. 11వ వచనాన్ని మన ప్రశ్నకు జవాబుగా చదువుకోవడం తేలిక. అది శాంతిని గూర్చిన మాట, చాలాసార్లు జవాబు రాకముందే ఉండవలసిన శాంతి.

నాలుగోది, క్రీస్తు దగ్గరకు దారి చూడాలి. ఎమ్మాయు దారిలో ప్రభువు లేఖనాలన్నింటిలో తన్ను గూర్చిన సంగతులు శిష్యులకు తెలియజెప్పాడు. కాబట్టి పాత నిబంధన మీద ప్రసంగం ఆయనను చేరకుండా ఆగిపోకూడదు. అలాగని దారి లేనిచోట దూకకూడదు. ఇక్కడ దారి ఉంది. మత్తయి 1వ అధ్యాయం తెరవండి. చాలామంది దాటవేసే పేర్ల పట్టిక. చెరపట్టబడిన యెకొన్యా పేరు అందులో ఉంది. బబులోనుకు కొనిపోబడిన తరువాత అతనికి షయల్తీయేలు పుట్టాడు, ఆ వంశంలో జెరుబ్బాబెలు. ఆ జెరుబ్బాబెలే తరువాత తిరిగి వచ్చినవారిని నడిపించి, బలిపీఠం, ఆలయం మళ్ళీ కట్టే పనికి ముందు నిలిచాడు. ఆ వరుసలోనే చివరికి యేసు పేరు వస్తుంది. పెండ్లి చేసుకోండి, పిల్లలను కనండి అన్న ఆ మామూలు ఆజ్ఞ వెనుక దేవుడు ఎంత దూరం చూశాడో! హనన్యా మాట నమ్మి, రెండేళ్ళలో ఎలాగూ వెళ్ళిపోతాము కదా అని పెండ్లిళ్ళు ఆపుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. సమాధానకరమైన ఉద్దేశం అన్నదానికి పూర్తి అర్థం బేత్లెహేములో కనబడింది.

ఇంతవరకు వచ్చాక కాగితం మీద ఒక్క వాక్యం రాయాలి. ఈ భాగం ఏం చెబుతుంది? మేము ఇలా రాస్తాము: దేవుడు తన ప్రజలను మరచిపోలేదు గనుక, ఆయన కాలం వచ్చేదాకా ఉన్నచోటనే నాటుతూ, ప్రార్థిస్తూ, ఆయనను వెదకుతూ బ్రతకాలి. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఇంకా సిద్ధపాటు అవలేదని అర్థం. చెప్పగలిగితే ప్రసంగానికి క్రమం దానంతట అదే వస్తుంది. 4 నుండి 7 వరకు ఉన్నచోట నాటండి. 8 నుండి 10 వరకు తొందరపెట్టే మాటలు నమ్మకండి. 11 నుండి 14 వరకు పూర్ణ హృదయంతో ఆయనను వెదకండి. ఈ మూడు తలంపులు మనం పెట్టినవి కావు, ఉత్తరంలో ఉన్న వరుస అది.

చివరగా, సంఘాన్ని కళ్ళముందు ఉంచుకోవాలి. బోధకుడు ఇళ్ళు తిరగకుండా చేసిన ప్రసంగం ఎవరికి తగులుతుంది? మన ఆరాధనలో కూర్చునేది ఎవరు? కౌలుకు భూమి తీసుకొని, రెండు పంటలు పోయి, వడ్డీ కట్టలేక తలవంచుకొని కూర్చునే సహోదరుడు. డీఎస్సీకి చదువుతూ వయసు దాటిపోతుందని భయపడే ఆడబిడ్డ. హైదరాబాదులో అపార్టుమెంటు కాపలాకు పోయి పండుగకు మాత్రం వచ్చే కుటుంబం. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, రాత్రి పనయ్యాక ఫోనులో మన ఆరాధన చూసే చెల్లెలు. వీళ్ళందరూ ఏదో ఒక సంవత్సరం ఈ వాగ్దానాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళే. జనవరిలో ఆమేన్ అన్నారు. డిసెంబరు వచ్చింది, అప్పు తీరలేదు. అప్పుడు ఆ మనిషి మనసులో పుట్టే ప్రశ్న చాలా భయంకరమైనది: దేవుడు అబద్ధమాడాడా, లేక నా విశ్వాసం చాలలేదా? కొందరు ఆ ప్రశ్నతోనే సంఘానికి రావడం మానేస్తారు. ఏ పాపంలోనూ పడి కాదు, ఒక వచనం మధ్యకు కోసి ఇచ్చినందువల్ల. ఇది ప్రసంగ కళకు సంబంధించిన చిన్న విషయమైతే మేము ఇంత రాయము. దీనితో ఆత్మలు ముడిపడి ఉన్నాయి.

అదే భాగం మొత్తం చెబితే? కౌలు రైతుతో, నీ అప్పు ఈ ఏడే తీరుతుందని మేము మాట ఇవ్వలేము, కానీ తీరనంత మాత్రాన దేవుడు నిన్ను విడిచిపెట్టినట్టు కాదు, చెర మధ్యలోనే ఆయన ఉత్తరం పంపాడు అని చెప్పగలం. చదువుకునే బిడ్డతో, ఉద్యోగం వచ్చాకే జీవితం మొదలవుతుందని ఆగిపోకమ్మా, ఉన్నచోటనే నాటుకో అని చెప్పగలం. కువైట్‌లో ఉన్న చెల్లెలితో, ఆ ఇంటి క్షేమం కోసం ప్రార్థించమ్మా, పరాయి ఊరు గనుక దేవుడు దూరమని అనుకోకు అని చెప్పగలం. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జీతం ఇవ్వకుండా, కొట్టి హింసించే ఇంట్లో ఓర్చుకొని పడి ఉండమని ఈ వాక్యానికి అర్థం కాదు. అలాంటప్పుడు బయటపడి భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోవడం అవిశ్వాసం కాదు.

ఇంతకూ ఈ పద్ధతికి రెండు అభ్యంతరాలు వినబడుతుంటాయి. మొదటిది: ఆత్మ నడిపింపు ఉంటే సిద్ధపాటు ఎందుకు, ఏమి చెప్పాలో ఆ గడియలోనే దేవుడు అనుగ్రహిస్తాడని ప్రభువే చెప్పాడు కదా? ఈ మాట మత్తయి 10:19, 20లో ఉంది. దాని ముందున్న 17, 18 వచనాలు చదవండి. శిష్యులను సభలకు అప్పగించి, కొరడాలతో కొట్టి, అధిపతుల యెదుటికి ఈడ్చుకొనిపోయేటప్పుడు చింతపడవద్దని ప్రభువు అన్నాడు. ఆదివారం ప్రసంగానికి చదవకుండా రమ్మని చెప్పలేదు. చెరసాలలో ఉన్న పౌలు తన అంగీతోపాటు పుస్తకాలు, ముఖ్యముగా చర్మపు కాగితాలు తెమ్మని తిమోతికి రాశాడు. ఆత్మపూర్ణుడైన పౌలుకే పుస్తకాలు కావలసి వచ్చాయి. శనివారం రాత్రి దీపం దగ్గర చదివేటప్పుడు కూడా పరిశుద్ధాత్ముడు తోడుగానే ఉంటాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది, దాన్ని తేలిగ్గా తీసుకోలేము. కష్టపడి వచ్చిన జనానికి కావలసింది ఓదార్పు. చరిత్ర, లెక్కలు చెబితే వాళ్ళ కన్నీళ్ళు ఎవరు తుడుస్తారు అంటారు. హనన్యా చేసింది అదే. ఓదార్చాడు. యిర్మీయా ఆ మాట విని ఏమన్నాడో 28:6లో చూడండి. ఆమేన్ అన్నాడు. యెహోవా అలాగే చేయును గాక అనే అర్థంతో పలికాడు. యిర్మీయాకు కూడా వాళ్ళు తిరిగి రావాలనే ఉంది. ప్రజల మీద ప్రేమ లేక డెబ్బది ఏళ్ళు అనలేదు. దేవుడు ఆ మాట ఇచ్చాడు గనుక అన్నాడు. హనన్యా అయిదవ నెలలో మాట్లాడాడు, ఏడవ నెలలో చనిపోయాడు. అతని ఓదార్పు వయసు రెండు నెలలు. యిర్మీయా ఉత్తరం మాత్రం మిగిలింది. ఎంతో కాలం తరువాత, బబులోనులో ముసలివాడైన దానియేలు గ్రంథాలు చదువుతూ డెబ్బది సంవత్సరాల లెక్క గ్రహించాడని దానియేలు 9వ అధ్యాయం చెబుతుంది. గ్రహించి ఊరకే కూర్చోలేదు. గోనెపట్ట కట్టుకొని, ఉపవాసముండి, తన ప్రజల పాపం ఒప్పుకొని ప్రార్థించాడు. 29:12, 13లో చెప్పినట్టే చేశాడు. క్రీ.పూ. 539లో బబులోను కోరెషు చేతికి చిక్కింది, తిరిగి వెళ్ళడానికి ఆజ్ఞ వచ్చింది. తరతరాలు నిలబెట్టే ఓదార్పు కావాలంటే 10వ వచనంతో కలిపి 11వ వచనం చెప్పాలి.

ప్రియులారా, ఇదంతా బోధకుల పని, మాకెందుకు అనుకోకండి. సంఘం ఏది అడిగితే చివరికి వేదిక మీదనుండి అదే వస్తుంది. బెరయలోని యూదులు పౌలు చెప్పిన మాటలు అలాగే ఉన్నాయో లేదోనని ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17:11 చెబుతుంది. దానికి వాళ్ళను గొణిగేవాళ్ళని అనలేదు, ఘనులని మెచ్చుకుంది. మీరూ అలాగే చేయండి. ఆదివారం చదవబోయే భాగం ముందుగానే అడిగి తెలుసుకొని, శనివారం రాత్రి ఇంట్లో చదవండి. చదువు రాని పెద్దలుంటే పిల్లలచేత నెమ్మదిగా, రెండుసార్లు చదివించండి. ప్రసంగం జరుగుతుండగా బైబిలు మూసి పెట్టకండి. ఇంటికి వెళ్ళేటప్పుడు, అయ్యగారు ఎంత బాగా చెప్పారు అనేదానికంటే, ఆ భాగంలో ఏముంది అని ఒకరినొకరు అడగండి. ఏదైనా వచనం విడిగా వినబడితే, ముందు వచనం ఏమిటండీ అని మర్యాదగా అడగండి. మంచి కాపరి ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

గోడ మీది క్యాలెండరు తీసేయమని మేము చెప్పము. అందులో ఉన్నది దేవుని మాటే. ఒక పెన్సిలు తీసుకొని, ఆ వచనం కింద ఖాళీలో 29:4–14 అని రాసుకోండి. మనసు కుంగిన రోజున ఆ పదకొండు వచనాలూ చదవండి. తరువాత లేచి, ఆ రోజు చేయవలసిన పని చేయండి, నాటవలసినది నాటండి, మీరున్న ఊరి కోసం పేరుపెట్టి ప్రార్థన చేయండి. దేవుడు చెప్పిన సమాధానం ఆ మధ్యలోనే మీకు తోడుంటుంది.

వాక్యమిచ్చిన ప్రభువు దానిని మన హృదయాలలో నాటి, తన కాలమందు ఫలింపజేయును గాక. ఆమేన్.